జడ్జి ఎవరు?

పెద్ద నాయకుడి కేసు ఏదైనా కోర్టుకెక్కితే మన ఊళ్లలో ముందుగా వినిపించే ప్రశ్న "జడ్జి ఎవరు?" ఆ వెంటనే రెండో ప్రశ్న, "ఎవరి మనిషి?" చార్జిషీటులో ఏముందో, సాక్షులు ఏం చెప్పారో తర్వాతి సంగతి. పేరు తెలిస్తే ఇంటిపేరు, ఇంటిపేరు తెలిస్తే కులం, కులం తెలిస్తే తీర్పు తెలిసిపోయినట్టే మాట్లాడతారు. బెయిల్ వస్తే ఒక పార్టీ వాళ్లు ఆ జడ్జిని ఆకాశానికెత్తుతారు, రెండో పార్టీ వాళ్లు ఆయన పుట్టుపూర్వోత్తరాలు తవ్వి పోస్తారు. ఆర్నెల్లు తిరక్కముందే అదే జడ్జి ఇంకో కేసులో ఇంకోలా ఉత్తర్వు ఇస్తే పొగడ్తలూ తిట్లూ చేతులు మారతాయి.

ఈ మాటలు నన్ను బాధపెడతాయి. అయినా వీటిని వట్టి పుకార్లని కొట్టిపారేయలేను. రాజకీయం కమ్ముకున్న క్రిమినల్ కేసులో బోనెక్కిన మనిషికి ఎదురుగా ఉన్నది ప్రభుత్వం. కేసు కట్టిన పోలీసులు ప్రభుత్వం వాళ్లు, వాదించే పీపీని పెట్టింది ప్రభుత్వం, రేపు తీసుకెళ్లి పడేసే జైలూ ప్రభుత్వానిదే. ఆ మనిషికి మిగిలిన ఆధారమల్లా పైన కుర్చీలో ఉన్నాయన. ఆయన మీదే అనుమానం పుడితే ఇక చెప్పుకునేందుకు దిక్కుండదు. అందుకే జడ్జి ఎవరని అడగడంలో నాకు తప్పు కనిపించదు. ఆ అనుమానాన్ని ఏ తూకంతో తూచాలి, ఎవరు తూచాలి అన్నదే నన్ను వదలని ప్రశ్న. దాని గురించి ఆలోచించినప్పుడల్లా 1908లో బొంబాయి హైకోర్టులో జరిగిన తిలక్ విచారణ దగ్గరికే వెళ్తుంటాను.

ఆ కేసు విన్న న్యాయమూర్తి దిన్షా దావర్. అంతకు పదకొండేళ్ల ముందు, 1897లో, తిలక్ మీద మొదటిసారి రాజద్రోహం కేసు పెట్టినప్పుడు ఇదే దావర్ బారిస్టరుగా తిలక్ పక్షాన నిలబడ్డారు. అప్పటికే కోర్టు బెయిల్ నిరాకరించింది. దావర్ మళ్లీ జస్టిస్ బద్రుద్దీన్ త్యాబ్జీ ముందుకు వెళ్లారు. ముద్దాయి జైల్లో ఉంటే తన కేసు తాను సిద్ధం చేసుకోలేడని వాదించి బెయిల్ తెచ్చారు. చివరికి జస్టిస్ స్ట్రేచీ దగ్గర తిలక్‌కు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. అది వేరే కథ.

1908 జూన్ 24న తిలక్‌ను మళ్లీ అరెస్టు చేశారు. ఈసారి బెయిల్ అడగడానికి లేచిన న్యాయవాది ముప్పై ఒక్క ఏళ్ల మహమ్మద్ అలీ జిన్నా. ఒకప్పుడు దావర్ ఏ వాదనతో బెయిల్ తెచ్చారో దాదాపు అదే వాదనను ఆయన ముందే పెట్టారు. ముద్దాయికి మధుమేహం ఉందని కూడా చెప్పారు. దావర్ బెయిల్ ఇవ్వలేదు. కారణాలు ఈ దశలో చర్చించకపోవడమే మంచిదన్నారు.

ఈ ఒక్క ఘట్టం నన్ను ఎన్నాళ్లుగానో పట్టుకుని ఉంది. నిష్పాక్షికత అనగానే మనకు గుర్తొచ్చే భయాలన్నీ ఒకే వైపువి. జడ్జి ముద్దాయికి చుట్టమేమో, పాత స్నేహితుడేమో, ఒకప్పుడు అతని వకీలేమో, కాబట్టి అతని వైపు మొగ్గుతాడేమో. దావర్ విషయంలో ఆ లెక్క పూర్తిగా తలకిందులైంది. ఆయన లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలిసే వీలు లేదు, నేనూ తెలుసని అనను. కానీ మనుషుల్ని చూసిన అనుభవంతో ఒకటి చెప్పగలను. నా వాళ్లని వెనకేసుకొస్తానని ఎక్కడ అనుకుంటారో అన్న భయం సొంతవాళ్ల మీదే ఎక్కువ కఠినంగా ఉండేట్టు చేస్తుంది. తన కొడుకునే క్లాసులో అందరికన్నా గట్టిగా కొట్టే మాస్టారిని మనలో చాలామంది చూసే ఉంటారు. పక్షపాతం లేదని చూపించుకోవాలన్న ఆరాటం కూడా తూకాన్ని పక్కకు లాగుతుంది. ఆ క్షణంలో ఆ మాస్టారిని అడిగి చూడండి, తాను అందరికన్నా న్యాయంగా ఉన్నానని మనస్ఫూర్తిగా చెబుతాడు. అబద్ధమేమీ ఆడడు. తన మనసు తనకు అలాగే కనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది, అది మరింత లోతైనది. తిలక్ మీద కేసు పెట్టింది ఆయన నడిపే 'కేసరి' పత్రికలో ఆ మే, జూన్ నెలల్లో వచ్చిన రెండు వ్యాసాల మీద. ఆ వ్యాసాలకు మూలం ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో పేలిన బాంబు. ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ ఆ బాంబు వేసింది కింగ్స్‌ఫర్డ్ కోసం. ఆయన బండి అనుకుని వేస్తే అందులో ఉన్న ఇద్దరు ఇంగ్లీషు స్త్రీలు, తల్లీ కూతుళ్లు, చనిపోయారు. కింగ్స్‌ఫర్డ్ ఎవరు? కలకత్తాలో చీఫ్ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు స్వదేశీ ఉద్యమ కుర్రాళ్లకు కఠినమైన శిక్షలు వేశాడని, ఒక కుర్రాడికి కొరడా దెబ్బలు వేయించాడని బెంగాల్ పగబట్టిన న్యాయాధికారి. అంటే కోర్టులో న్యాయం దొరకదని నిశ్చయించుకున్న కుర్రాళ్లు ఒక జడ్జి మీద బాంబు వేయబోయారు. నేరంతో సంబంధం లేని ఇద్దరి ప్రాణాలు పోయాయి. దాని గురించి రాసిన సంపాదకుడిని విచారించడానికి ఇంకో జడ్జి కూర్చున్నారు. తన వృత్తిలోని మనిషి మీదికి బాంబు వచ్చిందని తెలిసిన జడ్జి ఆ వ్యాసాలను ఏ కళ్లతో చదివి ఉంటారు? ఈ ప్రశ్న వేసినందుకు దావర్‌ను అవమానించినట్టు కాదు. ఆయన స్థానంలో నేను ఉన్నా నా చేతులు నిలకడగా ఉంటాయని హామీ ఇవ్వలేను.

విచారణ జూలై 13న మొదలై 22న ముగిసింది. తొమ్మిదిమంది జ్యూరీలో ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. వ్యాసాలు మరాఠీలో ఉన్నాయి. ఆ ఏడుగురు చదివింది ప్రభుత్వం చేయించిన అనువాదం. తిలక్ తన కేసు తానే వాదించుకుంటూ రోజుల తరబడి, మొత్తం ఇరవై గంటలకు పైగా మాట్లాడారు. అందులో చాలా భాగం ఒక్కొక్క మరాఠీ మాటకూ అర్థం విడమరిచి చెప్పడానికే పోయింది. 22వ తేదీ రాత్రి పొద్దుపోయాక జ్యూరీ ఏడుకు రెండు తేడాతో నేరం రుజువైందని చెప్పింది. కాదన్న ఇద్దరూ పార్సీలే అని చెబుతారు. దావర్ ఆ మెజారిటీని అంగీకరించి ఆరేళ్ల ద్వీపాంతరవాసం, వెయ్యి రూపాయల జరిమానా విధించారు. శిక్ష చెప్పేముందు ఆ వ్యాసాలను న్యాయమైన రాజకీయ ఆయుధాలనుకునే మనసు రోగగ్రస్తమైనదని, వక్రించినదని అన్నారు. తిలక్‌ను మాండలే జైలుకు పంపారు. బొంబాయి మిల్లు కార్మికులు ఆరేళ్లకు ఆరు రోజులని సమ్మె కట్టారు. తెలుగునాట గాడిచర్ల హరిసర్వోత్తమరావు 'స్వరాజ్య' పత్రికలో రాతలకు రాజద్రోహం కింద జైలుకు వెళ్లిందీ ఆ ఏడాదే.

తర్వాత దావర్‌కు సర్ బిరుదు వచ్చింది. బార్ ఆయనకు విందు ఏర్పాటు చేస్తే జిన్నా దానికి రాలేదు సరికదా, ఇలాంటి విందు ఇవ్వడం బార్‌కు సిగ్గుచేటని రాసి పంపారని ఎం.సి. చాగ్లా తన ఆత్మకథలో చెప్పారు. అదే చాగ్లా స్వతంత్ర భారతంలో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాక, 1956లో, విచారణ జరిగిన ఆ కోర్టు హాలు దగ్గరే తిలక్ స్మృతిఫలకం ఆవిష్కరించారు. ఒక కోర్టు తన గోడ మీద తన తప్పును చెక్కించుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

దావర్‌ను తలచుకున్నప్పుడు బ్రూమ్‌ఫీల్డ్‌ను తలచుకోకుండా ఉండలేం. 1922 మార్చి 18న అహ్మదాబాదులో గాంధీని విచారించిన జిల్లా సెషన్స్ జడ్జి ఆయన. చట్టం అదే, రాజద్రోహం సెక్షన్ 124ఏ. సర్కారూ అదే. శిక్షా అదే, ఆరేళ్లు. తిలక్‌కు వేసిన శిక్షనే కొలతగా తీసుకున్నానని బ్రూమ్‌ఫీల్డే చెప్పారు. అయినా ఆ కోర్టు నుంచి వచ్చినవాళ్లలో జడ్జి మీద కోపం కనిపించదు. దేశంలో కోట్లమంది కళ్లకు మీరు గొప్ప దేశభక్తులన్న సంగతిని నేను పక్కన పెట్టలేను అని ఆయన ముద్దాయితో అన్నారు. ముందుముందు ప్రభుత్వం ఈ శిక్ష తగ్గిస్తే తనకంటే సంతోషించేవారు ఉండరన్నారు.

మర్యాదకు మనం ఇంతగా పడిపోవాలా అని ఒకప్పుడు నాతో నేనే వాదించుకున్నాను. మంచి మాటలు చెప్పినా ఆయన వేసిన ఆరేళ్లలో ఒక్క రోజూ తగ్గించలేదు. పైగా గాంధీ నేరం ఒప్పేసుకున్నారు, కాబట్టి బ్రూమ్‌ఫీల్డ్ తేల్చాల్సిందల్లా శిక్ష ఎంతన్నదే. దావర్‌కు ఎదురైన పరీక్ష ఆయనకు ఎదురు కాలేదు. అయినా ఇద్దరి మధ్య తేడా మర్యాదకు మించినదని ఇప్పుడు నా నమ్మకం. బ్రూమ్‌ఫీల్డ్ తాను ఎక్కడ నిలబడ్డారో దాచుకోలేదు. ఇదీ చట్టం, దీన్ని అమలు చేయడం నా పని, మీ మీద నాకున్న అభిప్రాయం వేరు అని రెంటినీ విడదీసి అందరికీ కనబడేలా పెట్టారు. దావర్ మాటల్లో ఆ రెండూ కలిసిపోయాయి. చట్టం ఎక్కడ ఆగిందో, ఆయన అసహ్యం ఎక్కడ మొదలైందో వేరు చేయలేం. జడ్జికి అభిప్రాయాలు ఉండకూడదని నేను కోరను. అభిప్రాయాలు లేని మనిషి ఎక్కడా దొరకడు. అవి తీర్పులోకి ఏ దారిన వచ్చాయో ముద్దాయి చూడగలగాలి, అంతవరకే నా కోరిక.

మన సుప్రీంకోర్టు 1987లో రంజిత్ ఠాకూర్ కేసులో దీనికి దగ్గరగా వచ్చింది. అది రాజకీయ కేసు కాదు, సైన్యంలోని ఒక సిపాయి కేసు. పై అధికారి మీద ఫిర్యాదు పంపినందుకు అతనికి శిక్ష పడింది. ఆ శిక్షలో ఉండగా తిండి తినమన్న ఆజ్ఞను ధిక్కరించాడని మళ్లీ కోర్టు మార్షల్ జరిపి ఉద్యోగం తీసేశారు, జైలుశిక్ష వేశారు. ఆ కోర్టు మార్షల్‌లో కూర్చున్నవారిలో అతను ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారీ ఉన్నారు. జస్టిస్ వెంకటాచలయ్య రాసిన తీర్పు ఆ శిక్షను కొట్టేసింది. నాకు పక్షపాతం ఉందా అని జడ్జి తన మనసును ఎంత నిజాయతీగా అడిగినా సరిపోదు, ఎదుట నిలబడ్డ మనిషి మనసులోకి చూడాలి అని ఆ తీర్పు సారాంశం. ఆ మనిషి స్థానంలో ఉన్న తెలివిగలవాడికి భయపడటానికి కారణం కనిపిస్తోందా? కనిపిస్తే చాలు. లోపల నిజంగా పక్షపాతం ఉందో లేదో తవ్వనక్కర్లేదు.

ఇంత మంచి సూత్రం ఉన్నా దాన్ని అమలు చేసే తీరు దగ్గర మనం ఆగిపోయాం. మేజిస్ట్రేటు దగ్గరో సెషన్స్ జడ్జి దగ్గరో నాకు న్యాయం జరగదని భయం ఉంటే పై కోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసుకోవచ్చు. వేరే న్యాయమూర్తి దాన్ని విని నిర్ణయిస్తారు. అదే హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో బెంచి మీద ఉన్నాయన తప్పుకోవాలని అడిగితే, తప్పుకోవాలో వద్దో తేల్చేది మామూలుగా ఆయనే. ఎవరి మనసు మీద అనుమానమో వారినే అడుగుతున్నాం. తప్పుకున్నా ఎందుకు తప్పుకున్నారో చాలాసార్లు చెప్పరు. "ఈ కేసు నా ముందు వద్దు" అన్న ఒక్క మాటతో ఫైలు వెళ్లిపోతుంది. బయట ఉన్నవాళ్లు ఆ ఖాళీని తమకు తోచిన కథతో నింపుకుంటారు. తప్పుకోనన్నప్పుడూ అంతే.

దీనికి అవతలి వాదన నాకు తెలుసు, అది గట్టిదే. ఆరోపణ చేయగానే జడ్జి లేచిపోతే డబ్బున్న ముద్దాయి తనకు నచ్చిన బెంచి దొరికేదాకా ఒక్కొక్కరి మీదా బురద చల్లుతూ పోతాడు. రాజకీయ కేసుల్లో ఆ పని చేయగల శక్తి ఉన్నది మామూలు మనుషులకు కాదు. కాబట్టి భయపడి లేచిపోయే జడ్జి కూడా న్యాయానికి ద్రోహం చేసినట్టే. కానీ ఆ ప్రమాదానికి విరుగుడు మౌనం కాదు. తప్పుకోవాలన్న అభ్యర్థనను అదే కోర్టులోని వేరే న్యాయమూర్తి వింటే, బురద చల్లడానికి వచ్చినవాడి పిటిషన్ కూడా అక్కడే తేలిపోతుంది, అసలు జడ్జి మీద మచ్చ లేకుండా. తప్పుకున్నా, తప్పుకోకపోయినా కారణాలు కాగితం మీద పెట్టాలి. 2015లో జడ్జీల నియామకాల కమిషన్ కేసులో ఒక న్యాయమూర్తి తప్పుకోవాలా అన్న వాదన వచ్చినప్పుడు, జస్టిస్ కురియన్ జోసెఫ్ విడిగా రాస్తూ కారణాలు చెప్పడం న్యాయమూర్తి బాధ్యత అన్నారు. ఆ బెంచిలో అందరూ దానితో ఏకీభవించలేదు. ఇన్నేళ్లయినా అది నియమంగా మారలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు నడుస్తున్న కేసుల్లో ఏ పార్టీ నాయకుడు ముద్దాయిగా ఉన్నా, ఆ నియమం కోసం మొదట అడగాల్సింది న్యాయవాద సంఘాలు. తమ నాయకుడి కేసు బెంచి మీద ఉన్న రోజున కాదు, అవతలివాడి కేసు ఉన్న రోజున అడగాలి.