తపాలా సమ్మె దైవికమా?

దూరంగా ఉన్నవాడికి సరుకు అమ్మినప్పుడు సొమ్ము ముందు వస్తుంది, సరుకు తర్వాత చేరుతుంది. ఆ నడిమి రోజుల్లో అమ్మినవాడి దగ్గరున్నది పూర్తిగా అతని సొమ్ము కాదు. కొన్నవాడు నమ్మి అతని చేతిలో ఉంచినది. సరిగ్గా అప్పుడే తపాలా సమ్మె వచ్చి సరుకు ఆగిపోతే నష్టం ఎవరు మోయాలి? చూడటానికి వ్యాపారపు చిక్కులా ఉన్నా అడుగున ఉన్నది ధర్మ ప్రశ్నే. తన తప్పు లేకుండా వచ్చిన నష్టానికి మనిషి ఎంతవరకు బాధ్యుడు అన్నదే ఆ ప్రశ్న.

శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ ప్రశ్న అప్పుడప్పుడూ తలెత్తుతూనే ఉంటుంది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గం మీద ఉన్న ఊళ్లు. ధర్మవరం పట్టుచీరలకూ పావడాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకప్పుడు ఈ చీర మాస్టర్ వీవర్ చేతి మీదుగా పెద్ద దుకాణాలకు వెళ్లి, అక్కడి నుంచి కొన్నవారికి చేరేది. ఇప్పుడు మగ్గం దిగిన చీర ఫొటో గంటలోపే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మగ్గం ముఖం చూడని రీసెల్లరు దాన్ని ఇంకో ఊరివారికి అమ్ముతుంది. ఫోన్‌పేలో డబ్బు పడ్డాక చీరను కొంగు, అంచు కనిపించేలా మడిచి, జరీ ఒరుసుకోకుండా మధ్యలో పల్చటి కాగితం పెట్టి, పాలిథిన్ కవర్లో వేసి, అట్టముక్క దన్నుతో కట్ట కట్టి, మార్కరుతో చిరునామా రాస్తారు. పోస్టాఫీసు కౌంటరులో తూకం వేసి బార్‌కోడ్ అంటించి రసీదు ఇస్తారు. ప్రైవేటు కొరియర్లు ఎన్ని ఉన్నా మారుమూల పల్లెకు పార్శిల్ చేరాలంటే చాలామంది చూసేది తపాలా వైపే. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి, వాటిలో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి.

ఆ పల్లె పోస్టాఫీసులను నడిపేది గ్రామీణ డాక్ సేవకులు. 2018 మే 22న దేశమంతటా సుమారు 2.6 లక్షల మంది డాక్ సేవకులు నిరవధిక సమ్మెకు దిగారు. కమలేశ్ చంద్ర కమిటీ 2016 నవంబరులో ఇచ్చిన నివేదికను అమలు చేయాలన్నది వారి డిమాండు. ఏడాదిన్నర ఎదురుచూశాకే వారు పని ఆపారు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం కొత్త భత్యాలను ఆమోదించాక సమ్మె ముగిసింది. రోజుకు నాలుగు గంటల పనికి నెలకు డాక్ సేవకుడికి 10,000 రూపాయలు, బ్రాంచి పోస్టుమాస్టరుకు 12,000 రూపాయలు కనీసంగా ఖరారయ్యాయి. ఆ పదహారు రోజులూ అధిక జ్యేష్ఠ మాసంలో పడటంతో పెళ్లి ముహూర్తాలు లేవు. చీరల వ్యాపారానికి దెబ్బ కొంత తప్పింది. మాఘంలోనో శ్రావణంలోనో వచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది. 2022 ఆగస్టు 10న తపాలా ఉద్యోగులు ఒకరోజు సమ్మె చేశారు. 2023 డిసెంబరు 12న డాక్ సేవకులు మళ్లీ సమ్మెకు దిగారు.

ఇలాంటి సమ్మె పిడుగులా పడదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం తపాలాను ప్రజోపయోగ సేవల్లో చేర్చి, ముందుగా నోటీసు ఇవ్వకుండా, ఇచ్చాక పద్నాలుగు రోజులు గడవకుండా సమ్మె చేయరాదని చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ పద్నాలుగు రోజుల నియమాన్ని అన్ని పారిశ్రామిక సంస్థలకూ విస్తరించింది. అంటే సమ్మె వస్తుందని తెలియడానికీ అది మొదలు కావడానికీ మధ్య అమ్మకందారుకు కనీసం రెండు వారాల వ్యవధి ఉంటుంది. ధర్మనిర్ణయంలో అన్నిటికంటే బరువైన సంగతి ఈ రెండు వారాలే.

దీనికి పాత ధర్మశాస్త్రంలో పోల్చదగిన చర్చ ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో అమ్మిన సరుకు అప్పగించకపోవడం ఒక ప్రత్యేక వివాదం. దానికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య విక్రమాదిత్యుడి కాలంలో మితాక్షర వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు కాబట్టి ఈ న్యాయం తెలుగువారికి ఆనాడే సొంత భాషలో అందింది. ధర తీసుకుని సరుకు ఇవ్వనివాడు దానిపై వచ్చే లాభంతో కలిపి ఇవ్వాలి. కొన్నవాడు పరదేశం నుంచి వచ్చినవాడైతే ఆ దేశంలో అతనికి దక్కాల్సిన లాభం కూడా ఇవ్వాలి. కొన్నవాడు అడిగినా అప్పగించకుండా ఉంచుకున్న సరుకు రాజు వల్లనో దైవం వల్లనో పాడైతే ఆ నష్టం కూడా అమ్మినవాడిదే. దాచమని ఇచ్చిన సొమ్ము రాజు వల్లనో దైవం వల్లనో దొంగల వల్లనో పోతే దాచినవాడు చెల్లించనక్కర లేదని అదే స్మృతి మరోచోట చెబుతుంది. కొన్నవాడు అడిగినా ఇవ్వని అమ్మకందారుకు ఆ మినహాయింపు దక్కదు. స్మృతుల్లోని వర్ణభేదపు శిక్షలను నేడు ఎవరూ సమర్థించనక్కర లేదు. ఈ విషయంలో మాత్రం ఆ తర్కం ఇప్పటికీ నిలుస్తుంది.

సమ్మె ఏ కోవలోకి వస్తుంది? రాజాజ్ఞ కాదు, వరద కాదు, పిడుగు కాదు. కొందరు మనుషులు ఆలోచించి, తేదీ చెప్పి చేసే పని. ఒంటి చక్రంతో బండి నడవనట్టే పురుషప్రయత్నం లేనిదే దైవం ఫలించదని యాజ్ఞవల్క్యుడే అన్నాడు. ముందే తెలిసిన అడ్డంకి విషయంలో పురుషప్రయత్నానికి చోటు ఎక్కువ, దైవానికి తక్కువ. సమ్మె నోటీసు వచ్చాక కూడా ఎప్పటిలాగే నాలుగు రోజుల్లో చేరుతుందని చెప్పి డబ్బు తీసుకున్నవాడు, ఆ తర్వాత ‘మా చేతుల్లో ఏముంది, అంతా దైవాధీనం’ అంటే అది భక్తి కాదు, నెపం. నోటీసుకు ముందే మాట ఇచ్చి, వెంటనే పార్శిల్ కట్టి కౌంటరులో ఇచ్చినవాడి సంగతి వేరు. అతని పురుషప్రయత్నం పూర్తయింది. ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పే న్యాయం న్యాయం కాదు.

ఇస్లాంలోని హనఫీ న్యాయం కూడా దాదాపు ఇదే చోటికి చేరుతుంది. బాబయ్య దర్గా ఉన్న పెనుకొండలోనూ హిందూపురంలోనూ ముస్లిం వ్యాపారులు తక్కువేమీ కాదు. ఆ న్యాయంలో సరుకు కొన్నవాడి స్వాధీనంలోకి వచ్చేదాకా అది నశిస్తే నష్టం అమ్మినవాడిదే. తన దగ్గర లేని సరుకును అమ్మరాదన్నది సాధారణ నియమం. దానికి మినహాయింపు అయిన సలం బేరంలో పూర్తి ధర ముందే చెల్లించాలి. సరుకు రకం, కొలత, అప్పగించే గడువు స్పష్టంగా తేల్చుకోవాలి. గడువు చెప్పని సలం బేరం చెల్లదు. ఇంకా మగ్గం మీదున్న చీరను ఫొటో చూపించి అమ్మే రీసెల్లరుకు ఈ షరతు సూటిగా తగులుతుంది.

నేటి చట్టం ఇంత కచ్చితంగా లేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం రవాణాదారుకు అప్పగించడమే ప్రాథమికంగా కొన్నవాడికి అప్పగించడం. 1898 నాటి పోస్టాఫీసు చట్టం నష్టానికీ ఆలస్యానికీ తపాలా శాఖను బాధ్యత నుంచి చాలా మేరకు తప్పించింది. 2024 జూన్ 18న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఆ రక్షణను నిలిపింది. చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు యాప్‌లలో అమ్మేవారికి చెప్పాయి. మానవ ప్రయత్నానికి లొంగని కారణం వల్ల ఆలస్యమైతే మాత్రం మినహాయించాయి. వీటన్నిటినీ కలిపి చదివితే అమ్మినవాడికీ దారి ఉంది, మోసినవాడికీ దారి ఉంది. ఏ దారీ లేనిది కొన్నవాడికే. మొత్తం వ్యవహారంలో ఏ నిర్ణయమూ తీసుకోనివాడు అతనొక్కడే. అందుకే చట్టం వదిలిన ఖాళీని అమ్మకందారు ధర్మబుద్ధితో పూరించాల్సి వస్తుంది.

ఆలస్యం అంటే కేవలం రోజుల లెక్క కాదన్న సంగతి చీరల విషయంలో బాగా తెలుస్తుంది. వైదిక కర్మలో కాలం కూడా కర్మకు అంగమేనని మీమాంసకులు చెబుతారు. తిథి తప్పిన కర్మ వేరు, తిథిన జరిగిన కర్మ వేరు. తలంబ్రాల చీర ముహూర్తం దాటాక అందితే అదే పట్టు, అదే జరీ ఉన్నా కొన్న సరుకు అందినట్టు కాదు. వరలక్ష్మీ వ్రతానికని కొన్న చీర శనివారం వస్తే అంతే. చీర ఎటూ పోదు, పెట్టెలోనే ఉంటుంది గదా అనే సమాధానం ఇక్కడ చెల్లదు. ఫలానా రోజుకు కావాలని కొన్నవారు చెప్పి ఉంటే ఆ రోజు కూడా బేరంలో భాగమే.

సమ్మె దగ్గరపడుతుంటే అమ్మకందారులు చేసే పనులను ఈ వెలుగులో చూడాలి. కొందరు సమ్మె తేదీకి వారం ముందే బుకింగులు ఆపేస్తారు. ఆదాయం పోతుంది, మాట పోదు. ఇది నిష్కళంకమైన దారి. కొందరు ఆర్డరు తీసుకుంటూనే సమ్మె సంగతి చెప్పి, ఆలస్యమైతే డబ్బు వెనక్కి ఇస్తామని ముందే ఒప్పుకుంటారు. ఇదీ మంచిదే, ఎందుకంటే తెలిసి ఒప్పుకున్న నష్టం అన్యాయం కాదు. కొందరు ఆర్టీసీ కార్గోలో వేసి, బస్టాండులో తీసుకోమని చెబుతారు. పార్శిల్ కోసం బస్టాండుదాకా వెళ్లడానికి పల్లెలో ఉన్న వృద్ధురాలికి అయ్యే ఖర్చు ఎవరిదో తేల్చకపోతే ఇది సగం పరిష్కారమే. ప్రైవేటు కొరియర్‌కు మారినప్పుడు పెరిగిన చార్జీని కొన్నవారి మీద వేయడం ఇంకా తగదు. బేరం కుదిరిన ధరలో రవాణా కూడా ఉంది.

అన్నిటికంటే చెడ్డది ఇంకొకటి. లేబుల్ ముద్రించగానే ‘పంపించేశాం’ అని ట్రాకింగ్ నంబరు పెట్టేస్తారు. పార్శిల్ మాత్రం ఇంట్లో గూట్లోనే ఉంటుంది. సమ్మె మొదలయ్యాక తపాలా శాఖ ఆపిందని చెబుతారు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి అబద్ధం, రెండోది తన తప్పును సమ్మె చేస్తున్న పేదవాడి నెత్తిన వేయడం. ఆలస్యం తపాలాది కాదు, ఆ అమ్మకందారుది. కౌంటరు రసీదు మీదున్న తేదీ ఒక్కటే ఇక్కడ సాక్ష్యం. దాన్ని కొన్నవారికి పంపే అలవాటు పెరగాలి.

ఇక సమ్మె చేసేవారి ధర్మం. దీనిపైనా యాజ్ఞవల్క్యుడి మాట ఒకటుంది. ప్రయాణం తలపెట్టాక మానేసిన బరువు మోసేవాడు కూలిలో ఏడో వంతు, దారిలో వదిలినవాడు నాలుగో వంతు, సగం దారిలో వదిలినవాడు కూలి మొత్తం చెల్లించాలి. ఆ వాక్యం అక్కడితో ఆగదు. పనిలోంచి మాన్పించిన యజమానికీ అదే శిక్ష. దోషాన్ని రెండు వైపులా తూచిన ఆ నియమం ప్రకారం చూస్తే ఏడాదిన్నర నివేదికను పక్కన పెట్టిన పాలకవర్గం పాత్రను దాటేసి డాక్ సేవకుడిని మాత్రమే నిలదీయడం కుదరదు. నోటీసు ఇచ్చి, గడువు పాటించి పని ఆపినవాడు దారిలో బరువు పడేసినవాడు కాడు. నోటీసు ఇవ్వకముందే బుక్ అయి, అప్పటికే సంచుల్లో ఉన్న పార్శిళ్లను సమ్మెకు ముందు చేరవేయడానికి ప్రయత్నించడం మాత్రం అతని బాధ్యత కిందికి వస్తుంది.

నష్టం కిందికి జారడం ఇంకో అన్యాయం. సమ్మె రోజుల్లో రీసెల్లరు ఆర్డర్లు రద్దు చేస్తుంది. మాస్టర్ వీవర్ కొత్త పట్టూ జరీ ఇవ్వడం ఆపేస్తాడు. చీరకింతని కూలి తీసుకునే నేతగాడి మగ్గం ఖాళీగా నిలబడుతుంది. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకోవాల్సింది చివరికి అడుగున ఉన్నవాడి మీదే పడుతుంది. ఇప్పటికే నేయమని చెప్పిన చీరకు కూలి ఆపకూడదు. పంపకం ఆగింది గాని నేత ఆగలేదు.

చివరికి ఒక చిక్కు మిగులుతుంది. సమ్మెలో పార్శిల్ జాడ తెలియక అమ్మకందారు డబ్బు వెనక్కి ఇస్తాడు. సమ్మె ముగిశాక సంచులు కదిలి, అదే చీర కొన్నవారి ఇంటికి చేరుతుంది. ఇప్పుడు చీరా వారి దగ్గరే ఉంది, డబ్బూ వారి దగ్గరే ఉంది. అంతదాకా కొన్నవారి వైపు ఉన్న న్యాయం ఇక్కడ వైపు మారుతుంది. డబ్బు వెనక్కి తీసుకున్న క్షణానే బేరం రద్దయింది కాబట్టి చీర అమ్మినవాడిదే. కావాలంటే మళ్లీ ధర చెల్లించి ఉంచుకోవచ్చు. వద్దంటే అమ్మినవాడి ఖర్చుతో తిరిగి పంపాలి. చీర వచ్చిన సంగతి చెప్పకుండా ఊరుకోవడం దొంగతనమే.