కాయకము – ప్రకటన

శరణులు కాయకమునకు కైలాసస్థానము నిచ్చిరి. అయితే కాయకఫలమును అమ్మువేళ పలుకు మాట కాయకములోనిదా, వెలుపలిదా? ఇంట జొన్నరొట్టెలు చేసి అంతర్జాలమున అమ్ముకొను చిన్న వర్తకునకు ఈ ప్రశ్న నేడు తప్పనిది. ప్రకటనలకు వెచ్చించుటకు అతనివద్ద ధనము లేదు. కొద్ది రూకలకే కల్పిత ప్రశంసలు వ్రాయించుకొను ప్రలోభము ఎదురగును. పేదరికము దానికి సమర్థన కాగలదా?

కల్యాణమున రాలిన బియ్యపుగింజల నేరి దాసోహము సాగించిన ఆయ్దక్కి మారయ్య కడు బీదవాడు. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగా బియ్యము తేగా, భార్య లక్కమ్మ ఆ అధికమును అచ్చటనే పోసి రమ్మనెను. అవసరమునకు మించిన గింజయే తగనిదైనచో, ఆర్జింపని ప్రశంస ఎట్లు తగును?

తప్పుదారి పట్టించు ప్రకటనకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించుచున్నది. కాని శరణమార్గమున శిక్షాభయముకంటె అంతస్సాక్షి మిన్న.

వ్యయము లేని మార్గములు కలవు. వాట్సాప్ బిజినెస్ వంటి ఉచిత సాధనమున సరకు యథార్థ చిత్రమును, తూకమును, తయారైన దినమును, వెలను తెలుపవచ్చును. కొన్నవారి ఆక్షేపణను దాచక లోపమును సవరించుకొనవచ్చును. తృప్తి చెందిన ఒక గృహము మరికొన్నింటికి చెప్పును. ఇట్టి లాభము ఆలస్యముగా వచ్చును, ఒక్కొక్కప్పుడు రాకపోవచ్చును. అయినను మాటలో కల్తీ చేరిన నాడు, ఆ రొట్టె దాసోహమునకు తగదు.