పదికి పది

మొన్న ఒక పాఠకుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ రోజుల్లో ఉత్తరమా అని ఆశ్చర్యపోకండి, నిజంగానే కవరూ స్టాంపూ ఉన్న ఉత్తరం. ఆయన నా నవలలు తొమ్మిదీ చదివారట. చదివి ఊరుకోక, ఒక్కోదానికీ మార్కులేసి, వరసగా ర్యాంకులిచ్చి, ఆ జాబితా నాకే పంపించారు. నేను రెండేళ్ళు నిద్ర మానుకుని రాసిన నవలకి ఆఖరి ర్యాంకు!

"నా కష్టం ఈయనకేం తెలుసు? మార్కులెయ్యడానికి ఇదేమన్నా పదో తరగతి పరీక్షా?" అన్నాను ఒళ్ళుమండి.

మావారు పేపర్లోంచి తలెత్తకుండానే, "చిన్నప్పుడు నువ్వు చేసిన పనేగా!" అన్నారు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నేను చేసిన పనే అది.

మాది వికారాబాదు. 2016లో జిల్లా కేంద్రమైంది కానీ, నేను చెప్పే 1990 ప్రాంతాల్లో రంగారెడ్డి జిల్లాలో ఓ చిన్న పట్టణం. అనంతగిరి కొండలు, అక్కడి అనంతపద్మనాభస్వామి గుడి, మంచిగాలి కోసమని కొండమీద కట్టిన క్షయ ఆస్పత్రి, రైల్వే జంక్షను - ఇవీ మా ఊరి గొప్పలు. వీటన్నిటికంటే మా అన్నకీ నాకూ గొప్పది ఒక ఆర్కెస్ట్రా. పేరెందుకులెండి. హార్మోనియం, తబలా, డోలకు, తర్వాత్తర్వాత ఓ క్యాసియో కీబోర్డు, ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. ఆ ఆడ గొంతుని మేం "అక్కా" అని పిలిచేవాళ్ళం.

వినాయకచవితి పందిళ్ళు, కార్తీకంలో జాతర, పెళ్ళిళ్ళు - ఎక్కడ స్టేజీ కడితే అక్కడ ముందు వరసలో మేమిద్దరం. తాండూరులో ప్రోగ్రాం అంటే నాయిన్ని బతిమాలి రైలెక్కేవాళ్ళం. ఓ నలభై కిలోమీటర్లుంటుంది. ధారూరు దాటేసరికి ఏ పాటతో మొదలెడతారో పందేలు వేసుకోవడం కూడా అయిపోయేది.

ఇంటికొచ్చాక అసలు పని. వంద పేజీల రూళ్ళ నోటుపుస్తకంలో గళ్ళు గీసి పెట్టుకున్నాం. గొంతు, పాటల ఎంపిక, వాయిద్యాలు, మైకు, జనం. ఒక్కోదానికీ పదికి ఎన్నో వేసి, సగటు తీసి, ర్యాంకు కట్టేది అన్న. మూడేళ్ళలో నలభై ఒక్క ప్రోగ్రాములు. కొత్తది వచ్చినప్పుడల్లా పాత ర్యాంకులు రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లులు పడ్డాయి. ఓసారి పదకొండో ర్యాంకు దేనికన్న విషయమ్మీద అన్నా నేనూ రెండు రోజులు మాట్లాడుకోలేదు.

నవ్వులాటకి చెబుతున్నా గానీ, ఆ పుస్తకం మాకు చెవులిచ్చింది. ఒకే పాట వికారాబాదులో పాడినట్టు తాండూరులో ఉండదని దానివల్లే తెలిసింది. తాండూరుకి కర్ణాటక దగ్గర. అక్కడి జనం ఘంటసాల పాట అయ్యీ కాకుండానే రాజ్‌కుమార్ కన్నడ పాట పాడమని చీటీ పంపేవాళ్ళు. నాపరాళ్ళ గనుల్లో పొద్దంతా పనిచేసి వచ్చిన మనుషులు, ఆ నాపరాళ్ళ అరుగులమీదే చల్లగా కూర్చుని వినేవాళ్ళు. వాళ్ళకి నెమ్మది పాట నచ్చితే ఈల ఉండదు, చప్పుడే ఉండదు. ఆ నిశ్శబ్దానికి ఎన్ని మార్కులెయ్యాలో మాకు తేలేది కాదు.

తెలియనివీ చాలా ఉన్నాయి. కార్తీకంలో అనంతగిరి చలిగాలికి ఎవరి గొంతయినా పట్టేస్తుందని తెలీదు. నవరాత్రులంటే తొమ్మిది రాత్రులూ వరసగా పాడాలనీ, తొమ్మిదో రాత్రికి గొంతులో మిగిలేది కొంచెమేననీ తెలీదు. మొదటిరోజు ఎనిమిది వేసిన నేనే ఆఖరిరోజు "గొంతు బొంగురు, 3" అని రాసిపారేశాను. అక్కకి శ్రద్ధ తగ్గిందని తీర్మానించాను కూడానూ!

ఇక మొదటి ర్యాంకు. తాండూరు ప్రోగ్రాం. గొంతు గడిలో పదికి పది. ఆ పుస్తకం మొత్తంలో ఆ గడిలో పది ఒక్కటే.

కిందటేడాది చుట్టాలింట్లో పెళ్ళికి తాండూరు వెళ్ళాల్సొచ్చింది. అక్క అక్కడే కొడుకు దగ్గర ఉంటోందని విని, నోటుపుస్తకం వెతికి సంచిలో పెట్టుకున్నాను. ఎందుకంటారా? మెచ్చుకుంటుందని. ఇంతమంది అభిమానుల్లో ఇలా లెక్క దాచిందెవరని మురిసిపోతుందని.

అక్క కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ నింపాదిగా చదివింది. తొమ్మిదో రాత్రి దగ్గర వేలు పెట్టి ఆగింది.

"గీ మూడు నువ్వేసినవా, మీ అన్ననా?"

"నేనే అక్కా. చిన్నతనం. ఏమనుకోకు."

"అనుకునుడేంది? సరిగ్గనే ఏసినవ్. ఆనాడు నా గొంతు నాకే ఇనబుద్ధి కాలె. తొమ్మిదోనాడు తొలినాటి గొంతు యాడికెల్లి తేవాలె?"

హమ్మయ్య అనుకున్నాను. పేజీ తిప్పి పదికి పది దగ్గర తనే ఆగింది. నేను మురిపెంగా చూస్తున్నాను.

"ఇది తప్పు బిడ్డా," అంది.

"ఎందుకక్కా?"

"ఆనాడు రెండో చరణం మర్చిపోయిన. మొదటి చరణమే మళ్ళ పాడిన. ఒక్కలు గూడ పసిగట్టలె. అందరు చప్పట్లు కొట్టిన్రు. వాపసొచ్చేటప్పుడు రైల్ల తలెత్తలే నేను."

"కానీ అక్కా, ఆ రోజు మాకెంత సంతోషంగా ఉందో నీకు తెలీదు."

"నీ సంతోషం నీది, ఉంచుకో. నా పాటకు మాత్రం గా పది వద్దు."

టీ తెచ్చిచ్చింది, పిల్లల గురించి అడిగింది, నవ్వుతూనే సాగనంపింది. నేను మాత్రం తిరుగు రైల్లో అక్కతో మనసులోనే వాదం పెట్టుకున్నాను. కచేరీ అనేది పాడేవాళ్ళ ఒక్కళ్ళదేనా? వినేవాళ్ళది కాదూ? అయిదొందల మంది ఆనందపడ్డాక, ఒక్క చరణం పోతే ఆ ఆనందం అబద్ధమవుతుందా?

కాదు. కానీ ఆ రోజు నేనెందుకు పది వేశానో గుర్తు చేసుకుంటే సిగ్గేసింది. అక్క స్టేజీ మీంచి మమ్మల్ని గుర్తుపట్టి నవ్వింది. నాయిన మిర్చిబజ్జీలు కొనిపెట్టాడు. నాది కొత్త గౌను. ఆ పదిలో నవ్వుకెన్ని, బజ్జీలకెన్ని, గౌనుకెన్ని అని తీసేస్తూ పోతే పాటకి మిగిలేదెంతో లెక్క తేలడం లేదు! "పాట ఎలా ఉంది?" అన్నది ఒక ప్రశ్న. "నాకా సాయంత్రం ఎలా గడిచింది?" అన్నది మరొకటి. రెంటికీ ఒకటే గడి గీశాం మేము.

ఇలాంటి అయోమయం మా ఒక్కరిదే కాదు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అని ఒక బృందం 1965 నుంచి 1995 దాకా రెండువేలకు పైగా కచేరీలు చేసింది. అభిమానులు వాటిని టేపుల్లో దాచుకుని, ఏది గొప్పదని దశాబ్దాలుగా తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. 1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయంలో చేసినదానికే చాలామంది పట్టం కడతారు. ఆ టేపు అంత స్పష్టంగా ఉండబట్టే దానికంత పేరొచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి కనీసం టేపుంది, మళ్ళీ విని సరిదిద్దుకోవచ్చు. మాకున్నది నోటుపుస్తకమొక్కటే. అందులో తప్పు సాక్ష్యం రాస్తే దిద్దేవాళ్ళెవరు?

అయితే మార్కులే వద్దందామా? మావారి మతం అదే - "పాట విని ఆనందించక లెక్కలెందుకోయ్?" అంటారు. నేనొప్పుకోను. లెక్క రాయబట్టే కదా తొలిరోజు గొంతుకీ తొమ్మిదో రోజు గొంతుకీ తేడా విన్నది! 1996లో ఈటీవీలో "పాడుతా తీయగా" మొదలైనప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేవాళ్ళం. బాలసుబ్రహ్మణ్యంగారు మార్కులతో సరిపెట్టేవారు కాదు. ఎక్కడ శ్రుతి జారిందో, ఏ మాట సరిగ్గా పలకలేదో పాడినవాళ్ళ ఎదుటే, నొప్పించకుండా చెప్పేవారు. మార్కు వెనక చెవి ఉందని పాడిన పిల్లలకి తెలిసేది. మేం చాటుగా వేశాం. పైగా పది వేసిన రోజు అసలు వినలేదు.

వంటింటి భాషలో చెప్పుకుందాం, నాకు బాగా వచ్చిన భాష అదే. చుట్టాలొచ్చిన రోజు కంగారులో పప్పుచారులో ఉప్పు మర్చిపోయాననుకోండి. వచ్చినాయన రెండోసారి పోయించుకుని, "అమ్మా, ఇంత రుచి ఎక్కడా తినలేదు" అన్నాడు. ఆయన కడుపు నిండింది, సంతోషమే. కానీ ఆ మెప్పు నాకేం చేసుకోను? పైగా ఒక గుబులు. ఉప్పు లేని సంగతే తెలియనివాడు, నేను ఉప్పూ కారం సరిగ్గా కుదిర్చిన రోజున మెచ్చుకున్నది దేన్ని? ఒక్క దొంగ పది, వెనకటి ఎనిమిదుల్నీ తొమ్మిదుల్నీ కూడా అనుమానంలో పడేస్తుంది. రైల్లో అక్క తలెత్తకపోవడానికి కారణం మరచిపోయిన చరణం ఒక్కటే కాదేమో. "వీళ్ళు ఇన్నాళ్ళూ విన్నారా?" అన్న ప్రశ్న కూడానేమో. ఆ మూడు మార్కులు ఆవిణ్ణి బాధపెట్టలేదు, ఎందుకంటే ఆ రాత్రి నేను నిజంగా విన్నాను. ఎవరి పనికయినా మనం చేసే మొదటి మర్యాద అది. మెచ్చుకోవడమా, తప్పుపట్టడమా అన్నది ఆ తర్వాతి మాట.

ఇంటికొచ్చాక నోటుపుస్తకం తెరిచాను. పది కొట్టేద్దామనుకుని, చేతులు రాక, పక్కన ఇంకో గడి గీశాను. దానికి "మేము" అని పేరు పెట్టి పదిని అందులోకి మార్చాను. "గొంతు" గడి ఖాళీగా వదిలేశాను.

ఇదంతా గుర్తొచ్చాక, మళ్ళీ ఆ ఉత్తరం తీశాను. ఆఖరి ర్యాంకు నవలకి ఆయన రాసిన కారణం రెండు వాక్యాలు - సగం నుంచి కథానాయిక మాటలు కథానాయికవి కావు, రచయిత్రివి అని. మొదటిసారి కోపంలో ఆ వాక్యాలు చదవనేలేదు నేను. అటక మీంచి నవల దింపి చూశాను. నిజమే. నేను రెండేళ్ళు నిద్ర మానుకున్న మాటా నిజమే గానీ, దానికి నవలలో గడి లేదు.

మొదటి ర్యాంకిచ్చిన నవల దగ్గర మాత్రం నవ్వొచ్చింది. అందులో ఆ పెద్దాయన చావు ఎంతో హృదయవిదారకంగా ఉందట. వచ్చే వారం ఆఖరి భాగం ఇచ్చెయ్యాలి, ఆయన్నేం చెయ్యాలో తోచక చంపేశాను!

జవాబు రాయడానికి కూర్చున్నాను. "అయ్యా, ఆఖరి ర్యాంకు సరిగ్గానే ఇచ్చారు. మొదటిదాని గురించే కొంచెం మాట్లాడాలి..."