పంచని బలి

జీవశాస్త్రం ల్యాబుల్లో ‘చంపడం’ అనే మాట ఎవరూ వాడరు. శాక్రిఫైస్ అంటారు. “మీ బ్యాచ్ ఎప్పుడు శాక్రిఫైస్ చేస్తున్నారు?” “నిన్ననే చేసేశాం, లివర్లు ఫ్రీజర్లో ఉన్నాయి.” పీహెచ్‌డీలో చేరిన కొత్తలో ఈ మాట వింటే నాకు లోపల ఏదోలా ఉండేది. తెలుగులో ఆలోచిస్తే అది బలి. తెల్లకోటు వేసుకున్న మనిషి బోర్డు మీద ‘గురువారం పదింటికి బలి’ అని రాసిపెట్టినట్టు. ఆరు నెలలు తిరిగేసరికి నేనూ అలవాటుగా అదే మాట అనడం మొదలుపెట్టాను. ఆ మాట నాకు మళ్లీ అడ్డుపడింది కొన్నేళ్ల తర్వాత, 48 ఎలుకల లెక్క తేలక.

రెండో సంవత్సరంలో నేను చేసిన ప్రయోగం గొప్పదేమీ కాదు. మన ఊళ్లలో షుగరుకు కషాయం కాచుకునే ఒక ఆకు ఉంది. పేరు నా థీసిస్‌లో ఉంది, ఇక్కడ అవసరం లేదు. దాని సారం ఎలుకల రక్తంలో చక్కెరను తగ్గిస్తుందా అన్నది ప్రశ్న. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందు ఎక్కిస్తే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చచ్చిపోతాయి, ఎలుకకు మధుమేహం వస్తుంది. ఆరు గుంపులు, గుంపుకు ఎనిమిది: జబ్బు లేనివి, జబ్బు ఉండి ఏ మందూ ఇవ్వనివి, మూడు వేర్వేరు మోతాదుల్లో ఆకు సారం ఇచ్చేవి, డాక్టర్లు రాసే మామూలు షుగరు మాత్ర ఇచ్చేవి. మొత్తం 28 రోజులు. వారానికోసారి తోక చివర గుచ్చి ఒక చుక్క రక్తం తీయాలి.

మధుమేహం వచ్చిన ఎలుక ఆగకుండా నీళ్లు తాగుతుంది, ఆగకుండా పోస్తుంది. యానిమల్ హౌస్ చూసుకునే పెద్దాయన నాకంటే ముందే కనిపెట్టేవాడు. “గివి నీళ్లు మస్తు తాగుతున్నయ్ మేడం. ఊక పొద్దుగాల మారిస్తే సాయంత్రానికి తడిసి ముద్దయితున్నది” అనేవాడు. నాకు అది జబ్బు సరిగ్గా పట్టిందన్న శుభవార్త. ఆయనకు అది దాహం.

నెల గడిచింది. అన్నిటినీ శాక్రిఫైస్ చేశాం. అంకెలు కంప్యూటర్లో వేసి చూస్తే, సారం ఇచ్చిన మూడు గుంపులకూ, ఏమీ ఇవ్వని జబ్బు గుంపుకూ తేడా లేదు. మాత్ర ఇచ్చిన గుంపులో మాత్రం చక్కెర తగ్గింది. అంటే ప్రయోగం చెడిపోలేదు, కొలతలు తప్పలేదు. ఆ మోతాదుల్లో ఆ ఆకు పనిచేయలేదు, అంతే.

మా గైడు గారు గ్రాఫులు రెండుసార్లు చూశారు. “పక్కన పెట్టమ్మా. నెగటివ్ డేటాతో పేపరు రాదు. రెండో పని మీద దృష్టి పెట్టు, ఫెలోషిప్ ఐదేళ్లే” అన్నారు. ఆయన చెడ్డవారు కారు. నా మేలు కోరే అన్నారు. నేనూ మనసులో హమ్మయ్య అనుకున్నాను. నోట్‌బుక్ సొరుగులో పెట్టాను.

ఇలా జరిగేది నా ఒక్కదానికే కాదని తర్వాత తెలిసింది. దీనికి పేరు కూడా ఉంది. 1979లోనే రాబర్ట్ రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ‘ఫైల్ డ్రాయర్ సమస్య’ అన్నాడు. తేడా కనిపించిన అధ్యయనాలు పత్రికల్లోకి వెళ్తాయి, కనిపించనివి సొరుగుల్లోకి వెళ్తాయి. ఆయన బాధ శాస్త్రం గురించి: సగం సాక్ష్యమే బయటికొస్తే మనం నమ్మేది తప్పవుతుంది. ఎలుకల విషయంలో దీనికి ఇంకో ముఖం ఉంది. ఆ సొరుగులో ఉన్నది కాగితాలే కాదు.

జంతువుల మీద ప్రయోగాలు తప్పా ఒప్పా అన్నది పాత వాదం. పీటర్ సింగర్ 1975లో, టామ్ రీగన్ 1983లో రాసిన పుస్తకాలతో దానికి రెండు దారులు స్పష్టంగా ఏర్పడ్డాయి. రీగన్ దృష్టిలో ఒక ప్రాణిని మన అవసరానికి పనిముట్టుగా వాడుకోవడమే తప్పు, ఎంత లాభం వచ్చినా సరే. సింగర్ త్రాసు పట్టుకుంటాడు. బాధ ఒకవైపు, ప్రయోజనం ఒకవైపు, తూచి చూడమంటాడు. ల్యాబులో ఉన్నవాళ్లం రీగన్‌ను ఒప్పుకోలేం, ఒప్పుకుంటే మర్నాటి నుంచి పని లేదు. అందుకని ఎవరైనా అడిగితే తెలిసో తెలియకో సింగర్ త్రాసే ముందు పెడతాం. మందుల కోసం, మనుషుల కోసం, జ్ఞానం కోసం అంటాం.

నేనూ అలాగే చెప్పేదాన్ని. ఇప్పటికీ ఆ జవాబు పూర్తిగా తప్పని అనుకోవడం లేదు. కానీ అది జవాబుతో పాటు ఒక మాట ఇవ్వడం కూడా అని అప్పట్లో తట్టలేదు. ‘నలుగురికీ ఉపయోగపడుతుంది కాబట్టి చంపుతున్నాను’ అన్నవాడు ఆ ఉపయోగం నలుగురికీ చేరేలా చూడాలి కదా? చేర్చకపోతే మిగిలేది చంపడం ఒక్కటే. ఫలితం ‘ఏమీ లేదు’ అయినా ఉపయోగం ఉంది. ఈ దారిలో నీళ్లు లేవు అని చెప్పిన మనిషి కూడా వెనకొచ్చేవాళ్లకు దారి చూపినట్టే.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టేది ఒక ఫారం. మన దేశంలో జంతువుల మీద ప్రయోగం చేయాలంటే సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి కావాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడిన జాతీయ కమిటీ పర్యవేక్షణలో ఇది నడుస్తుంది. దరఖాస్తును ఫారం బి అంటారు. ఎన్ని జంతువులు, ఎందుకు అన్నే, వేరే మార్గం లేదా అని అందులో అడుగుతారు. చివర్లో పరిశోధకుడు ఒక హామీ మీద సంతకం పెట్టాలి: ఇంతకుముందు వెల్లడైన పరిశోధననే అనవసరంగా మళ్లీ చేయడం లేదని. మంచి నిబంధన. కానీ ‘వెల్లడైన’ అన్న మాట దగ్గర ఆగండి. నేను నా ఫలితం వెల్లడి చేయలేదు. రేపు ఇంకొకరు అదే ఆకుతో, అదే మోతాదుతో దరఖాస్తు పెట్టి, నిజాయితీగా వెతికి, ఏమీ దొరక్క ఆ హామీ మీద సంతకం పెడతారు. వాళ్ల సంతకం నిజమే. దాన్ని అబద్ధం చేసింది నా సొరుగు.

అనుకున్నట్టే అయింది. నాలుగో ఏడు ఒక సదస్సులో నా పోస్టరు దగ్గర నిలబడి ఉంటే, వేరే యూనివర్సిటీ కుర్రాడు ఒకడు వచ్చాడు. మాటల్లో ఆ ఆకు పేరు వచ్చింది. “మేమూ చేశాం అక్కా. 36 ఎలుకలు. ఏం రాలేదు. మా సార్ వదిలేయమన్నారు” అన్నాడు. మోతాదులు అడిగాను. రెండు మోతాదులు నావే. ఎప్పుడు చేశారని అడిగాను. నా ప్రయోగం అయిపోయిన ఏడాదికి. నేను ఏం చెప్పాలో తెలియక “టీ తాగుదామా” అన్నాను.

ఆ రాత్రి హాస్టల్ గదిలో మళ్లీ ఆ మాట గుర్తొచ్చింది, బలి. 1988లో మైకేల్ లించ్ అనే సామాజిక శాస్త్రవేత్త నాడీశాస్త్ర ల్యాబులను దగ్గర్నుంచి గమనించి ఈ శాక్రిఫైస్ మీద ఒక వ్యాసం రాశాడు. ఇది చంపడాన్ని దాచిపెట్టే మర్యాద మాట మాత్రమే అని ఆయన అనుకోలేదు. బోనులో తిరిగే జంతువు ఒక క్రమమైన తంతు ద్వారా గ్రాఫుగా, అంకెగా మారుతుంది, బలిలో పశువు పవిత్ర వస్తువుగా మారినట్టే అన్నది ఆయన పరిశీలన. నాకు అంతకంటే మా నానమ్మ ఊరు గుర్తొచ్చింది. ఎల్లమ్మ పండక్కి యాటను కోస్తారు. కోసిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. మాంసం పోగులు పెడతారు. ఎన్ని ఇళ్లుంటే అన్ని పోగులు. తలకాయ ఎవరికి, కాళ్లెవరికి, అన్నిటికీ ఊరికి ఒక లెక్క ఉంటుంది. ఒక ఇంటికి పోగు అందలేదంటే అది ఏళ్ల తరబడి గొడవ. కోసి, పంచకుండా గోతిలో పూడ్చేస్తే దాన్ని ఎవరూ బలి అనరు.

జంతుబలి మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పద్ధతిలోని ఒక్క సంగతి మాత్రం మేము మాట అరువు తెచ్చుకున్నప్పుడు వదిలేశాం. పంపకం లేకుండా బలి పూర్తి కాదు.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, అవి తేలికైనవి కావు. మొదటిది, ఏమీ రాకపోవడానికి చేతగాని ప్రయోగం కూడా కారణం కావచ్చు, అలాంటి చెత్తంతా అచ్చేస్తే ఎవరు చదువుతారు? నిజమే. కానీ చేతగానితనం ‘వచ్చిన’ ఫలితాల్లోనూ ఉంటుంది. 2012లో బెగ్లీ, ఎల్లిస్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాసినదాని ప్రకారం, క్యాన్సర్ రంగంలో పేరు మోసిన 53 అధ్యయనాలను ఒక మందుల కంపెనీలో మళ్లీ పరీక్షిస్తే ఆరే నిలబడ్డాయి. వడపోత నాణ్యతకు ఉండాలి, ఫలితం ఎటు తిరిగిందన్న దానికి కాదు.

రెండోది, వేసుకునే పత్రికలేవి? నెగటివ్ ఫలితాల కోసమే వైద్యరంగంలో 2002లో ఒక పత్రిక మొదలైంది, 2017లో ఆగిపోయింది. ఇప్పుడు జర్మనీలో, నెదర్లాండ్స్‌లో జంతు ప్రయోగాన్ని మొదలుపెట్టే ముందే నమోదు చేసుకునే రిజిస్ట్రీలు ఉన్నాయి. నమోదైతే కనీసం జరిగిందన్న జాడ ఉంటుంది. ఆ నెదర్లాండ్స్‌లోనే యూట్రెక్ట్ యూనివర్సిటీ ఆస్పత్రి వాళ్లు తమ సొంత లెక్క తామే తీసుకున్నారు. 2008, 2009లలో అనుమతి పొందిన ప్రయోగాల్లో 5,590 జంతువులను వాడితే, ప్రచురణల్లో కనిపించినవి 1,471. నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఆ అంకె బయటపెట్టడానికి ధైర్యం కావాలి. మన దగ్గర ఏ సంస్థ అయినా ఇలా లెక్క తీస్తే ఎంత తేలుతుందో ఊహించడానికే నాకు భయం.

మూడో వాదనే అన్నిటికంటే బరువైనది. ఈ భారమంతా ఎవరి మీద వేస్తున్నాం? ఇంటి దగ్గర పెళ్లి సంబంధాలు ఆపించుకుని, ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమైతే మెస్ బిల్లు అప్పు పెట్టే విద్యార్థి మీదా? యూజీసీ 2009 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు ఒక పేపరు అచ్చయి తీరాలి. 2016 నిబంధనల్లోనూ అంతే. డిగ్రీకి పేపరు గేటైతే, పేపరు రాని ఎలుకలు గేటు బయటే మిగులుతాయి. ఇది విద్యార్థి నీతిలో లోపమని అనడం అన్యాయం. 2022లో ఆ నిబంధన తీసేశారు. అయినా ఉద్యోగానికి వెళ్తే అడిగేది పేపర్లే.

ఇదంతా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఒకటి మిగులుతుంది. సూది పట్టుకున్నది నేను. గైడు గారు కాదు, యూజీసీ కాదు. వ్యవస్థ తప్పు ఎంత పెద్దదైనా నా పాలు నాకు ఉంటుంది. ఆ పాలు చిన్నదే కాబట్టి దాన్ని తీర్చడం నా చేతిలో ఉంది.

నేను చేసింది చిన్న పనే. థీసిస్ చివర ఆరు పేజీల అనుబంధం చేర్చాను. మోతాదులు, గుంపులు, వారం వారం చక్కెర అంకెలు, 48 ఎలుకల పట్టిక మొత్తం. మా గైడు గారు “నీ ఇష్టమమ్మా. వైవాలో అడిగితే నువ్వే చెప్పుకోవాలి” అన్నారు. అడిగారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పి “ఇందులో ఫలితమేమీ లేదు కదా, ఎందుకు పెట్టావు?” అన్నారు. వచ్చేముందు అద్దం ముందు నేర్చుకున్న జవాబు ఒకటి ఉంది, నైతికత, పారదర్శకత అంటూ. అది నోటికి రాలేదు. “ఇంకొకరు మళ్లీ చేయకూడదని సార్” అన్నాను. ఆయన తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.

థీసిస్ ఇప్పుడు శోధగంగలో ఉంది. ఎవరైనా ఆ అనుబంధం చూశారో లేదో నాకు ఎవరూ చెప్పలేదు. దాంతో ఆ ఎలుకలకు న్యాయం జరిగిందని నేను అనుకోను. రీగన్ చెప్పినట్టు అసలు చంపే హక్కే లేదేమో, ఆ ప్రశ్న నాలో ఇంకా అలాగే ఉంది. ఆ కుర్రాడి 36 ఎలుకలను మాత్రం నా ఆరు పేజీలు కాపాడగలిగేవి, రెండేళ్లు ముందు రాసి ఉంటే.

ఇప్పుడు నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పీహెచ్‌డీ సీటు వచ్చిందని స్వీట్లు పట్టుకొచ్చే పిల్లలకు పెద్ద సలహాలు ఇవ్వను. ఒకటే చెబుతాను: ప్రయోగం మొదలుపెట్టిన రోజే, ఏమీ రాకపోతే దీన్ని ఎక్కడ రాస్తావో గైడుతో మాట్లాడి పెట్టుకో. చాలామంది నవ్వుతారు. అప్పటికి వాళ్లకు ఏమీ రాకపోవడం అన్నది తమకు జరిగే సంగతిలా అనిపించదు. నాకూ అనిపించలేదు.