నిద్ర లేని గోపురము

కరీబియన్ సముద్రమందలి నీవిస్ ద్వీపము సుమారు 93 చదరపు కిలోమీటర్ల చిన్న నేల. దాని నడుమ నొక అగ్నిపర్వతశిఖరము నిత్యము మబ్బును తలపాగవలె చుట్టుకొని యుండును. ఆ తెలుపును చూచియే స్పెయిన్ నావికులు ద్వీపమునకు హిమమాత పేరు పెట్టిరని చెప్పుదురు. ఆ కొండ పాదముల చుట్టును బానిసల కాలమునాటి చక్కెరతోటల శిథిలములు, పైకి పోను పోను సన్నబడు రాతి గాలిమరలును, చెరకుపాకము కాచు శాలలును, దొరల సౌధములును, పొదలలో మునిగి యుండగా, కొన్నింటిని బాగుచేయించి అతిథిగృహములుగా మార్చిరి. 1787లో ఆంగ్లనావికుడు నెల్సన్ పెండ్లియాడిన మాంట్‌పెలియర్ తోటలోని గాలిమరయం దిప్పుడు కొవ్వొత్తుల వెలుగున విందు జరుగును. గోల్డెన్ రాక్ తోటలోని గాలిమర గోపురము రెండంతస్తుల పడకటిల్లయినది. ఆ పడకటింట పరుండువాడు ఎవరి నిద్రను నిద్రించుచున్నాడన్నదే నన్ను విడువని ప్రశ్న.

ఇది అలంకారమునకు వేసిన ప్రశ్న కాదు. నరికిన చెరకును వెంటనే పిండకున్నచో రసము పులియును. కావున కోతకాలమున గాలి వీచినంతసేపు మర తిరుగుచునే యుండవలెను, పొయ్యి మండుచునే యుండవలెను. అనకాపల్లి ప్రాంతమున చలికాలపు రాత్రి బెల్లము పెనము చెంత నొకసారి నిలిచినవారికి ఈ తొందర కొంత తెలియును: సున్నపునీరు పడగానే మడ్డి తెట్టెగట్టి పైకి తేలుట, దానిని జల్లిగరిటెతో తీయుచు నొకడు ఆవిరిలో కనులు చికిలించుకొనుట, పాకము ముదిరిన క్షణమును వాసనచేతనే పసిగట్టుట. నీవిస్‌లోను ఇదే సున్నము, ఇదే మడ్డి. కాని అచ్చట ఒకదానికన్న నొకటి చిన్నవైన బానలు వరుసగా నుండెడివి. తేడా మరయొద్ద కనబడును. నిలువు దిమ్మెల నడుమకు చెరకు నందించువాని చేయి నిద్రమత్తులో లోపలికి పోయినచో, దేహమంతయు పోకముందే ఆ చేతిని నరుకుటకై చెంతనే యొక గొడ్డలి నుంచుట చక్కెరద్వీపములలో వాడుక. పనిముట్ల నడుమ దానికిని ఒక స్థానము కలదు.

గోల్డెన్ రాక్‌ను 19వ శతాబ్ది ఆరంభమున కట్టించినవాడు ఎడ్వర్డ్ హగ్గిన్స్. ఇతడే 1810 జనవరిలో, రాత్రివేళ పొలములకు ఎరువు మోయ నిరాకరించిన తన బానిసలను, స్త్రీలనుగూడ, చార్లెస్‌టౌన్ అంగడివీధిలో నిలిపి కొరడాలతో కొట్టించెను. విచారణ జరిగినది, నిర్దోషి యని జూరీ విడిచిపెట్టెను. కొట్టింపబడినవారు కోరినది రాజ్యము కాదు, రాత్రి మాత్రమే.

ఇట్టివాడు కట్టించిన గోపురమును బాగుచేయుట తగునా? మన ఆగమములందు జీర్ణోద్ధారణ మనునది గొప్ప పుణ్యకార్యము. శిథిలాలయమును ముట్టుటకు ముందు దేవతాశక్తిని కలశమున ఆవాహనచేసి బాలాలయమున నిలుపుదురు. ఇల్లు కట్టువాడు నేలను త్రవ్వి, ఎముక, బొగ్గు, వెంట్రుక మొదలగు శల్యములను వెలికి తీయవలెనని వాస్తుశాస్త్రము విధించును. కాని నీవిస్ గోపురమున శల్య మెక్కడ నున్నది? నేలలో నున్నచో త్రవ్వవచ్చును. మోసిన రాతిలో, అతికిన సున్నములో నున్నదానిని తీయుట యెట్లు? కర్మ కర్తనే అంటునుగాని జడమైన రాతి నంటదని శాస్త్రవాదులు సమాధానము చెప్పుదురు. తర్కము దృఢమైనదే, కాని మిక్కిలి సుఖకరమైనది. సుఖమిచ్చు తర్కమును నేను రెండుమారులు పరీక్షింతును. పాపము అంటకపోవచ్చును. పరుల చెమటతో లేచిన గోడ నీడను అనుభవించువానికి ఋణముగూడ అంటదా?

ఐన శిథిలమును శిథిలముగానే విడుచుట భక్తి యనువారితోను నాకు పొత్తు కుదరదు. మర్రిజాతి వేళ్లు గోడను చీల్చుచుండగా ఛాయాచిత్రము తీసికొనుటయు నొక విలాసమే. మరపునకు అడవికన్న గొప్ప సహాయకుడు లేడు. ఇండ్లను నిలబెట్టుడు. పాత పాకపు బానలలో కలువలు పెంచినను నాకు కోపము లేదు. గొడ్డలి మాట దాచుటయందే నా పేచీ. ఇచ్చట వాస్తువిధి తలక్రిందు కావలెను: శల్యమును తీసివేయుట దోషము, దానిని అతిథి కాలికి తగులునట్లు ఉంచుటయే శుద్ధి.

పరదేశపు గొడవ మనకేల యనువారికి ఒక్కమాట. బానిసత్వము రద్దయిన పిమ్మట 1850ల నుండి అదే కరీబియన్‌లోని మార్టినీక్, గ్వాడెలూప్ ద్వీపముల చెరకుతోటలకు మన తూర్పుతీరపు రేవులనుండి ఒప్పందకూలీలను ఓడలకెత్తిరి. వారిలో తెలుగువారును కలరు.

అతిథిగృహపు యజమానికి నేను ప్రాయశ్చిత్తమేదియు విధింపజాలను, ఆ అధికారము నాకు లేదు. మంచము ప్రక్క దీపము క్రింద, 1810 జనవరినాటి ఆ ఉదంతమును నాలుగు పంక్తులలో వ్రాసి పెట్టినచో చాలును. అది చదివిన అతిథికి ఆ రాత్రి నిద్ర పట్టకున్నచో, తెల్లవారి యజమాని క్షమాపణ చెప్పుకొననక్కరలేదు.