సామాను ఒకటే, యంత్రాలు వేరు



1970లలో అమెరికాలోని ఎంఐటీలో ఉడీ ఫ్లవర్స్ అనే అధ్యాపకుడు డిజైన్ కోర్సు నడిపేవారు. విద్యార్థులందరికీ ఒకే రకం సామాను ఇచ్చేవారు. చిన్నాచితకా విడిభాగాలు, తుక్కులాంటి వస్తువులు. వాటితోనే ఎవరికి వారు ఒక యంత్రం చేసి పోటీకి దింపాలి.

పోటీ సంగతి అటుంచండి, అసలు చదువు అంతకుముందే జరిగేది. కాగితం మీద ఘర్షణ అంటే ఒక అంకె. బల్ల మీద అదే ఘర్షణకు ఇరుసు బిగుసుకుంటుంది, మోటారు వేడెక్కుతుంది. రంధ్రం కాస్త పక్కకు పడితే గేర్ల పళ్లు కలవవు. ఎందుకో తేల్చుకోవాలంటే పుస్తకం మళ్లీ తెరవక తప్పదు.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మాత్రం చివరి ఏడాది ప్రాజెక్టు డబ్బిస్తే దొరుకుతుంది. రిపోర్టు కూడా బైండింగుతో సహా చేతికొస్తుంది! తప్పంతా పిల్లలదే అనను. మూడేళ్లు స్క్రూడ్రైవరు పట్టనివ్వకుండా నాలుగో ఏట యంత్రం చెయ్యమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? మొదటి సెమిస్టర్‌లోనే ఓ పాత మిక్సీ ఇచ్చి, విప్పి మళ్లీ బిగించమనండి. తిరగకపోయినా మార్కులు వెయ్యండి, ఎందుకు తిరగలేదో చెప్పగలిగితే.