చూస్తున్నానమ్మా

హౌస్ సర్జన్సీలో జనరల్ మెడిసిన్ పోస్టింగ్. నాట్ల కాలం. ఆ రోజుల్లో పొద్దుగూకితే చాలు, క్యాజువాలిటీకి పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి. ఆ రాత్రి కాలు వాచిపోయిన ఒక రైతును తీసుకొచ్చారు. కరిచిన పామును ఎవరూ చూడలేదు.

అలాంటప్పుడు చేసే పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు టెస్ట్‌ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. ఆ తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజర లాంటి పాము విషం రక్తంలో కలిసినట్టే. ఆ పాముకు పేరు పెట్టిన మనవాళ్లకు ఈ సంగతి ఏనాడో తెలుసనిపిస్తుంది. ప్లాస్టిక్ ట్యూబు పనికిరాదు, సబ్బుతో కడిగిన గాజూ పనికిరాదు.

కష్టమంతా ఆ కదపకపోవడంలోనే ఉంది. ముందురోజు పొద్దుటినుంచీ డ్యూటీలోనే ఉన్నాను. బ్లడ్ బ్యాంకుకూ ల్యాబుకూ వార్డుకూ మధ్య పరుగులే. ఆగడం మరిచిపోయిన నా చెయ్యి పన్నెండో నిమిషంలోనే ట్యూబును వంచేసింది. రక్తం నీళ్లలా జారింది. గడువు తీరకుండా చూసినది లెక్కలోకి రాదు. మళ్లీ సూది, మళ్లీ రక్తం, మళ్లీ మొదటినుంచి 20 నిమిషాలు. ప్రాణం మీదికొచ్చిన మనిషి దగ్గర పన్నెండు నిమిషాలు పోగొట్టాను. ఆ బాధ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఈసారి స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను.

"ఏం చెయ్యకుండా కూర్చున్నావేంటమ్మా?" అంది అతని భార్య.

"చూస్తున్నానమ్మా" అన్నాను.

ఏదో ఒకటి చెప్పాలని అన్న మాట అది. కానీ మన ఊళ్లలో జనం పెద్దాసుపత్రిలో 'చూపించుకున్నాం' అనే అంటారు. మంచాన పడ్డ అత్తను కోడలు 'చూస్తుంది'. వైద్యానికీ సాకడానికీ మనవాళ్లు వాడే మాట ఒకటే. నాలుగున్నరేళ్ల చదువులో ఆ మాట బరువు నాకెప్పుడూ తెలియలేదు. ట్యూబు మీంచి కళ్లు తిప్పి అతన్ని చూశాను. ఆమె చీర కొంగుతో అతని పెదాలు తుడుస్తోంది. కొంగు మీద ఎర్రటి మరక. నోరు తెరిపించి చూస్తే చిగుళ్ల వెంట సన్నగా రక్తం. నేను పరుగుల్లో ఉన్నంతసేపూ ఆమె తుడుస్తూనే ఉందేమో.

చిగుళ్లు కారుతుంటే ఇక ట్యూబు కోసం ఆగనక్కర్లేదు. పీజీ అక్కను పిలిచాను. గుర్రాల రక్తం నుంచి తీసే ఆ విరుగుడు మందు 10 వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టారు.

ఆరు గంటల తర్వాత మళ్లీ ట్యూబు నిలబెట్టాను. 20 నిమిషాలూ పూర్తిగా కూర్చున్నాను. వంచితే రక్తం కదల్లేదు, గడ్డకట్టి అడుగునే నిలిచింది. ట్యూబు ఆమె చేతికిచ్చి చూపించాను.